ఆ 40 శాతం ఎవరి సంసారం లెక్క?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 36. ఒక తయారీ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. ఎనిమిదేళ్ళ పాప ఉంది. మా అమ్మ రెండు వీధుల అవతలే ఉంటుంది. మా ఊరికంటే చాలా పెద్ద నగరంలో ఉద్యోగం వచ్చింది. జీతం 35 శాతం ఎక్కువ. పన్నులూ కోతలూ పోగా ఇప్పుడు చేతికొచ్చేది 100 అనుకుంటే అక్కడ 128 వస్తుంది. రెండు నగరాల ఖర్చులు పోల్చి చెప్పే వెబ్‌సైట్లు చూశాను. ఒకటి కొత్త నగరంలో ఖర్చు 40 శాతం ఎక్కువంటోంది, ఇంకొకటి 22 శాతమే అంటోంది. బతకడానికి మంచి నగరాల జాబితాలో మాత్రం అది మా ఊరికంటే ఎంతో పైన ఉంది. "35 కంటే 40 పెద్దది, వద్దు" అంటున్నాడు అన్నయ్య. "మంచి నగరమంటే ఖర్చవుతుంది మరి, వెళ్ళు" అంటోంది స్నేహితురాలు. పదిహేను రోజుల్లో జవాబు చెప్పాలి. నిద్ర పట్టడం లేదు. ఏ లెక్క నమ్మాలి? నా నెల ఖర్చులు, ఆ నగరంలో కనుక్కున్న అద్దెలు, ఫీజులు విడిగా రాసి పంపుతున్నాను.

జవాబు: మీరు పంపిన ఖర్చుల కాగితం చూశాక నాకు సగం దిగులు తగ్గింది. చాలామంది జీతం ఎంతో రాస్తారు కానీ ఖర్చు రాయరు. మీరు రెండూ రాశారు. అకౌంట్స్ చూసే మనిషి కదా!

మీరు చూసిన 22, 40 రెండూ నిజమే కావచ్చు. కానీ రెండూ మీ ఇంటి లెక్కలు కావు. ఇలాంటి సంఖ్య ఎలా పుడుతుందో తెలిస్తే సగం టెన్షన్ దానంతటదే పోతుంది. ముందు కొన్ని వస్తువులు, సేవలు కలిపి ఒక బుట్ట అనుకుంటారు. ఏది ఎంత కొంటారో కూడా వాళ్ళే అనుకుంటారు. ఆ బుట్ట ఏ ఊళ్ళో ఎంతవుతుందో చూసి, ఒక నగరాన్ని 100గా పెట్టుకుని మిగతావి కొలుస్తారు. చాలా సర్వేల్లో ఆ 100 న్యూయార్క్. 2009లో మొదలైన నంబియో వెబ్‌సైట్‌లో ధరలు ఎక్కువగా మామూలు జనం ఎక్కించేవే. అందులో జీవన వ్యయ సూచీ అని కనిపించే సంఖ్యలో ఇంటి అద్దె ఉండదు. అద్దెకు వేరే సూచీ, రెండూ కలిపి ఇంకో సూచీ ఉంటాయి. ఈ సంగతి గమనించక ఎంతమంది మోసపోయారో! మీ 22కీ 40కీ మధ్య తేడా కూడా ఇదే కావచ్చు. ఆ పేజీలు మళ్ళీ తెరిచి, అద్దె కలిసిందో లేదో ముందు చూసుకోండి. మెర్సర్ అనే సలహా సంస్థ చేసే సర్వే 200కు పైగా వస్తుసేవల ధరలు చూస్తుంది. అయితే అది ఉద్యోగుల్ని పరదేశాలకు పంపే పెద్ద కంపెనీల కోసం చేసేది. అంటే ఆ బుట్ట అలా వెళ్ళే ఉద్యోగిది. ఎనిమిదేళ్ళ పాపను ఒంటిచేత్తో పెంచుతున్న తల్లిది కాదు.

ఇంటింటికీ బుట్ట మారుతుందన్నది పాత సంగతే. ఆదాయం తక్కువ ఉన్న ఇంట్లో తిండికి పోయే వాటా ఎక్కువని జర్మన్ గణాంక నిపుణుడు ఎర్న్‌స్ట్ ఎంగెల్ 1857లోనే చూపించాడు. పక్కపక్క ఇళ్ళలో ఉంటున్నా ధరల దెబ్బ ఇద్దరికీ ఒకేలా తగలదు.

ఇప్పుడు మీ అన్నయ్య లెక్క చూద్దాం. 35ని, 40ని ఎదురెదురుగా పెట్టి తేల్చేశారు. పెరిగే ఖర్చు శాతం మీ జీతం మీద పడదు, మీరు ఖర్చు పెట్టే దాని మీదే పడుతుంది. ఇప్పుడు 100లో మీ ఖర్చు 85, మిగులు 15. ఆ 85లో 10 లోన్ వాయిదా. మీరు ఏ ఊళ్ళో ఉన్నా ఆ 10 పదే. మిగిలిన 75ని వెబ్‌సైట్ చెప్పినట్టే 40 శాతం పెంచినా 105 అవుతుంది. లోన్ కలిపితే 115. చేతికొచ్చేది 128 కాబట్టి 13 మిగులుతుంది. ఇప్పటికంటే రెండే తక్కువ. కొంప మునిగేంత తేడా ఏమీ కాదు.

మీ బుట్టతోనే లెక్క వేస్తే ఇంకోలా ఉంటుంది. మీ కాగితం ప్రకారం ఇప్పుడు అద్దె 20, అక్కడ ఆఫీసుకు దగ్గర్లో 36. స్కూలు ఫీజు 12 నుంచి 16కి, సరుకులు 18 నుంచి 20కి, ప్రయాణాలు 8 నుంచి 12కి పెరుగుతాయి. మందులు 6, అవి అక్కడా అంతే. పైఖర్చులు 11 నుంచి 13. లోన్ 10. అంతా కలిపితే 113, మిగులు మళ్ళీ 15. అంటే పెరుగుదలలో సగానికి పైగా ఒక్క అద్దెదే. సరుకుల ధరల మీద మీరు రాసిన ఒకటిన్నర పేజీ దిగులు అక్కర్లేదు. అద్దె ఒక్కటీ సరిగ్గా తేల్చుకుంటే మిగతావి అటూ ఇటూ అయినా తట్టుకోవచ్చు.

ఇంకొక మాట. పాత ఊళ్ళో కొన్నవే కొత్త ఊళ్ళోనూ కొంటామనుకుని లెక్క వేస్తే ఖర్చు అసలుకంటే ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడికి వెళ్ళాక ఏది ఖరీదో అది తగ్గించి, ఏది చవకో దానివైపు మళ్ళుతాం, ఎవరూ చెప్పకుండానే. పాత బుట్టతో కొలిచే పద్ధతిని 1871లో ఎటియెన్ లాస్పైరెస్, కొత్త బుట్టతో కొలిచే పద్ధతిని 1874లో హెర్మన్ పాషె అనే జర్మన్ ఆర్థికవేత్తలు చెప్పారు. అసలు ఖర్చు సాధారణంగా ఈ రెంటి నడుమ ఎక్కడో ఉంటుంది. మీరు వేసింది పాత బుట్ట లెక్క. కాబట్టి 113 కాస్త తగ్గే అవకాశమే ఎక్కువ.

ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతే "డబ్బుకు లోటు లేదు, వెళ్ళిరండి" అని రాసేసేదాన్ని. కానీ మీ కాగితంలో ఒక గడి లేదు. ఉత్తరంలో మాత్రం ఆ సంగతి ఒక్క వాక్యంగా ఉంది: "స్కూలు అయ్యాక పాప అమ్మ దగ్గరే ఉంటుంది, నేను ఏడింటికి వెళ్ళి తెచ్చుకుంటాను."

రోజుకు మూడు గంటలు. జ్వరం వచ్చిన రోజైతే పొద్దుటి నుంచీ. సెలవుల్లో పూర్తిగా. దీనికి మీరు ఒక్క పైసా ఇవ్వడం లేదు కాబట్టి ఖర్చుల పట్టికలో రాలేదు. ఏ వెబ్‌సైట్ బుట్టలోనూ అమ్మమ్మ ఉండదు. కొత్త నగరంలో ఆ మూడు గంటలకు మనిషినో, స్కూలు తర్వాత పిల్లల్ని చూసుకునే చోటునో వెతకాలి. మీరు పంపిన ఫీజుల వివరాల్లోనే అలాంటి చోటుది 9 అని ఉంది. బహుశా పక్క వరసలో చూసి రాసుకుని వదిలేశారు. దాన్ని కలపండి. 15 మిగులు 6 అయింది.

తరవాత ఇల్లు మారడానికి ఒకేసారి అయ్యే ఖర్చులు. సామాను లారీ, బ్రోకర్‌కు ఇచ్చేది, కొత్త స్కూల్లో చేర్చడానికి కట్టేది, అక్కడ పట్టని సామాను అమ్మి మళ్ళీ కొనడం. అడ్వాన్స్ తిరిగి వస్తుంది కాబట్టి దాన్ని వదిలేయండి. తిరిగి రానివి మాత్రం కలిపితే, మీ అంకెల్లో 120 దాకా అవుతున్నాయి. రెండేళ్ళు అక్కడ ఉంటారనుకుని 24 నెలలకు పంచితే నెలకు 5. మిగులు 6లో అది పోతే 1. ఇప్పుడు నెలకు 15 దాచుకుంటున్న మనిషి, జీతం 35 శాతం పెరిగాక మొదటి రెండేళ్ళు ఒకటే దాచుకుంటుంది. మీ అన్నయ్య చెప్పిన కారణం తప్పే కానీ, ఆయన భయంలో పస ఉంది.

"ఆఫీసుకు దూరంగా అయితే అద్దె 26కే వస్తుంది" అని కూడా రాశారు. అక్కడ ప్రయాణ ఖర్చు ఇంకో 4 పెరుగుతుంది కాబట్టి నికరంగా కలిసొచ్చేది 6. దానికి బదులు ఇప్పుడున్న ఇరవై నిమిషాల ప్రయాణం ఒక్కో వైపు గంటా పావు అవుతుంది. రోజుకు 110 నిమిషాలు అదనం. నెలకు 22 పనిదినాలంటే 40 గంటలు. వారమంతా ఆఫీసులో చేసే పనంత! ఆ ఆరు కోసం నెలకో వారం బస్సులో కూర్చుని పని చేసినట్టే. జర్మనీలో ఏళ్ళ తరబడి ఒకే కుటుంబాల్ని అడుగుతూ సేకరించిన సమాచారాన్ని ఆలొయిస్ స్టుట్సర్, బ్రూనో ఫ్రై అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2008లో ప్రచురించారు. ప్రయాణం పెరిగిన కొద్దీ మనుషుల్లో జీవితం మీద తృప్తి తగ్గుతోందనీ, చవక ఇల్లో మంచి జీతమో ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చడం లేదనీ తేలింది. పెద్ద ఇంటికి అలవాటు పడిపోతాం. ట్రాఫిక్‌కు మాత్రం అలవాటు పడలేం, రోజూ కొత్తగానే చిరాకు పుడుతుంది. పైగా ఆ గంటలు మీవి మాత్రమే కాదు, పాప సాయంత్రాలు కూడా. దూరం ఇంటి సంగతి మర్చిపోండి. వెళితే దగ్గర ఇంటికే వెళ్ళాలి, లేదా వెళ్ళకూడదు. ఈ ఒక్క విషయంలో నాకు అనుమానమే లేదు.

ఇక మీ స్నేహితురాలు చెప్పే "మంచి నగరం". ఇలాంటి జాబితాల్లో పేరున్నది ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ అనే పరిశోధన సంస్థ ఇచ్చేది. 173 నగరాలను చూస్తుంది. 2022 నుంచి 2024 దాకా వరసగా వియన్నా మొదటి స్థానంలో ఉంది. నూటికి మార్కులు ఎలా పంచుతారో చూడండి: భద్రత, స్థిరత్వానికి 25, వైద్యానికి 20, సంస్కృతి, పరిసరాలకు 25, చదువుకు 10, రోడ్లు, రవాణా, నీళ్ళ వంటి సదుపాయాలకు 20. చదువుకు పదే! ఎనిమిదేళ్ళ పాప ఉన్న మీరు మార్కులు వేస్తే చదువుకు పదే వేస్తారా? అమ్మ మందుల మీద ఉన్నప్పుడు వైద్యానికి ఇరవై సరిపోతుందా? అద్దె ఎంత, జీతం ఎంత అనే గడి ఆ అయిదింటిలో లేనే లేదు. జాబితా తప్పని కాదు, దాన్ని తయారు చేసింది మీ కోసం కాదు. మార్కులు మీరే వేయండి. పంచాల్సింది నూరే కాబట్టి, ఒకదానికి ఎక్కువ వేస్తే ఇంకోదానికి తగ్గించాలి. అప్పుడు మీకు ఏది ముఖ్యమో మీకే తెలిసిపోతుంది.

ఖర్చు ఒక వరస, నాణ్యత ఒక వరస అని వేరుగా పెట్టుకుని చూడటంలో కూడా ఒక చిక్కు ఉంది. మంచి గాలి, మంచి స్కూళ్ళు, మెట్రో, పార్కు ఉన్న చోటికి జనం ఎగబడతారు. దాంతో అద్దెలు పెరుగుతాయి. కొన్నిచోట్ల జీతాలు తక్కువిచ్చినా మనుషులు దొరుకుతారు. జెనిఫర్ రోబాక్ అనే ఆర్థికవేత్త 1982లో ఈ ముడిని వివరంగా విప్పి చూపించింది. అంటే మీరు కట్టబోయే 36 అద్దెలో నాలుగు గోడల ఖరీదు కొంతే, మిగతాది ఆ నగరం సుఖాల ఖరీదు. సుఖాలు మీరు వాడినా వాడకపోయినా ఆ అద్దె కట్టాల్సిందే. అందుకని ఒక కాగితం మీద రాసుకోండి: మామూలు వారంలో ఆ నగరం ఇచ్చేవాటిలో ఏవేవి నేను, పాప నిజంగా వాడతాం? ఈత కొలను ఉందని రాయకండి, ఇప్పుడు మీ ఊళ్ళో ఉన్నదానికి ఎన్నిసార్లు వెళ్ళారో రాయండి.

దూరం నుంచి చూస్తే ఒక ఊళ్ళో కొట్టొచ్చినట్టు కనిపించేదే మన కళ్ళను కమ్మేస్తుంది. 1998లో డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానెమన్ అనే పరిశోధకులు అమెరికాలో దాదాపు 2000 మంది విద్యార్థుల్ని అడిగారు. కొందరు ఎండకు, సముద్రానికి పేరున్న కాలిఫోర్నియాలో ఉంటున్నవాళ్ళు, కొందరు చలి ఎక్కువుండే మధ్య పడమటి రాష్ట్రాల్లో ఉంటున్నవాళ్ళు. కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళే ఎక్కువ సంతోషంగా ఉంటారని రెండు వైపులవాళ్ళూ అనుకున్నారు. తమ జీవితం మీద తృప్తి ఎంత అని ఎవరిని వాళ్ళను అడిగితే మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే వచ్చింది. రోజులో ఎక్కువ భాగం మనం వాతావరణంతో కాదు, పనితో, మనుషులతో, నిద్రతో గడుపుతాం కదా.

గాలిని మాత్రం ఈ ఖాతాలో వేసి తీసిపారేయకండి. అలవాటైపోయినా ఊపిరితిత్తులు లెక్క రాసుకుంటూనే ఉంటాయి. పీఎం 2.5 అనే సన్నని ధూళి ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అంతకుముందు 10 అనేది. రెండు నగరాల ఏడాది సగటు, అన్నింటికంటే చెడ్డ నెల, ఈ రెండూ చూడండి. ఏదో ఒక మంచి రోజు సంఖ్య చూసి మురిసిపోకూడదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఊరు మారినప్పుడు ఆదివారం సాయంత్రం ఇల్లు చూశాను. మూడో అంతస్తు, కిటికీ బయట చెట్టు, వీధిలో ఇద్దరు పిల్లలు సైకిల్ తొక్కుతున్నారు. అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశాను. చేరిన మర్నాడు, సోమవారం, పొద్దున్న ఆరున్నరకు మంచం అదిరి లేచాను. కిటికీ తెరిస్తే కింద పదకొండు బస్సులు ఇంజన్లు ఆపకుండా వరసగా నిలబడి ఉన్నాయి. ఆ వీధి వాటికి ఆగే చోటట. ఇంటాయనకు తెలుసు, బ్రోకర్‌కు తెలుసు, ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. కిటికీ గాజు మీద రోజూ నల్లటి పొర. తుడిచిన గుడ్డ సాయంత్రానికి మళ్ళీ నల్లగా వచ్చేది. పదకొండు నెలలు కిటికీ మూసుకునే గడిపాను. ఆ చెట్టును చూసింది ఆదివారాలే.

అందుకే చెబుతున్నాను, వెళ్ళి చూడటమంటే సెలవు రోజు వెళ్ళి తిరిగి రావడం కాదు. నాలుగైదు రోజులు సెలవు పెట్టి, మీరు ఉండబోయే వీధికి దగ్గర్లోనే చిన్న గది తీసుకోండి. మంగళవారం పొద్దున ఆ ఇంటి గుమ్మం ముందు నుంచి బయలుదేరి స్కూలు దాకా, స్కూలు నుంచి ఆఫీసు గేటు దాకా వెళ్ళండి. గడియారం చూసుకోండి. సాయంత్రం అదే దారిలో రండి. పాపను చూసుకునే చోటికి పిల్లల్ని తల్లులు తీసుకెళ్ళే వేళకు వెళ్ళి, అక్కడ నిలబడి ఇద్దరు ముగ్గురు తల్లులతో మాట్లాడండి. నీళ్ళు, కరెంటు సంగతి ఇంటాయన్ను కాదు, కింది అంతస్తులో ఉండేవాళ్ళను అడగండి. రాత్రి పదింటికి ఒకసారి ఆ వీధిలో నడవండి. పాపతో ఒంటరిగా ఉండబోతున్నారు కాబట్టి ఇది చాలా ముఖ్యం.

ఇప్పటిదాకా అంతా వెళ్ళవద్దన్నట్టే రాశాను కానీ రెండో వైపు చిన్నదేం కాదు. మీ ఊళ్ళో మీ పనికి తగ్గ కంపెనీలు రెండే ఉన్నాయని రాశారు. ఇప్పుడున్న కంపెనీ దెబ్బతింటే మీకు మిగిలేది ఒకే గుమ్మం. పెద్ద నగరంలో అలాంటి గుమ్మాలు చాలా ఉంటాయి. స్పెయిన్‌లో లక్షలాది జీతాల వివరాలు చూసి హోర్హె దె లా రోకా, దియెగో పుగా అనే ఆర్థికవేత్తలు 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పెద్ద నగరాల్లో పని అనుభవం సంపాదించినవాళ్ళ జీతాలు తొందరగా పెరుగుతాయి. వాళ్ళు చిన్న ఊరికి వెళ్ళిపోయినా ఆ అనుభవానికి విలువ చాలావరకు తగ్గదు. మొదటి రెండేళ్ళ మిగులు ఒక్కటే చూస్తే ఇది కనబడదు. మీకు 36 ఏళ్ళు. ఇంకా పాతికేళ్ళ ఉద్యోగం ముందుంది.

కాబట్టి నా మాట ఇది. ఇప్పుడు ఇచ్చిన షరతులకు ఒప్పుకోకండి. అలాగని వద్దని కూడా చెప్పేయకండి. కంపెనీకి రాయండి: ఇల్లు మారే ఖర్చు వాళ్ళు భరించాలి, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని ఇవ్వాలి. మారే ఖర్చు వాళ్ళు పెట్టుకుంటే మిగులు 1 కాస్తా 6 అవుతుంది. రెండు రోజులు ఇంట్లో ఉంటే పాపను చూసుకునే 9లో కొంత తగ్గుతుంది. అప్పుడు మిగులు ఎనిమిదికో తొమ్మిదికో వస్తుంది. పదిహేనుకు తక్కువే, కానీ ముందుముందు పెరిగే జీతం కోసం రెండేళ్ళు ఆ తేడా మోయొచ్చు. మీకు ఆర్నెల్ల ఖర్చుకు సరిపడా దాచిన డబ్బు ఉందన్నారు కాబట్టే ఈ మాట అంటున్నాను. వాళ్ళు రెండింటికీ కాదంటే ఈ ఉద్యోగం వదిలేసి, ఇదే నగరంలో ఇంకో అవకాశం వెతకండి. ఒకరు పిలిచారంటే ఇంకొకరూ పిలుస్తారు. వెళితే మాత్రం మొదటి అద్దె ఒప్పందం పదకొండు నెలలకు మించి రాసుకోకండి. ఇక్కడి ఇంట్లో పెద్ద సామాను అన్నయ్య దగ్గర పెట్టి వెళ్ళండి, అమ్మేయకండి.

ఒక సంగతి మిగిలింది. అమ్మను కూడా తీసుకెళితే పాప బెంగ తీరుతుందని చివర్లో రాశారు. అదే నిజమైతే 9 ఖర్చు పోయి, ఇంకో గది అద్దె చేరుతుంది. అంకెల్లో అది సరిపోవచ్చు. అమ్మకు 66 ఏళ్ళు. ఆమె డాక్టరు, పొద్దుటి నడకలో కలిసే స్నేహితులు, తాళం చెవి ఇచ్చి వెళ్ళే పక్కింటివాళ్ళు అందరూ ఆ రెండు వీధుల్లోనే ఉన్నారు. ఆమె జీవన నాణ్యత ఏ సూచీలోనూ లేదు, మీ కాగితంలో కూడా లేదు. ఈ ఆదివారం అమ్మ దగ్గరకు వెళ్ళినప్పుడు లెక్కల పుస్తకం ఇంట్లో వదిలేసి వెళ్ళండి. "నువ్వు కూడా వస్తావు కదా" అనకండి, కాదనలేక సరేనంటుంది. "నేను వెళితే నువ్వు ఏం చేద్దామనుకుంటున్నావమ్మా" అని అడిగి, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా ఆగండి. కంపెనీకి ఉత్తరం సోమవారం రాయొచ్చు.